రెండో దెబ్బ

2024 మార్చి 3, ఆదివారం సాయంత్రం ఆరున్నరకు మా ఆయన కొర్నేలి డ్రమ్ము కర్రలు రెండూ టీవీ బల్ల మీద పెట్టి, ఈస్టర్ పాటలకు తాను వాయించనని చెప్పారు. అప్పుడు గదిలో నేను, మా అబ్బాయి ఎబెన్, సంఘంలో పాటలు నడిపే రజనీకుమారి ఉన్నాం.

"క్యా హువా డాడీ?" అన్నాడు ఎబెన్.

"ఏటీ అవలేదు. సెయ్యి సాగట్లేదు. ఇంకొకల్ని సూసుకోండి."

వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగారు. వెనక వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు. రజనీకుమారి నా వైపు చూసింది. నాకు పెళ్ళయిన నాటికే ఆయన ఛత్తీస్‌గఢ్ భిలాయిలో తెలుగు క్రైస్తవ సంఘానికి డ్రమ్ము వాయిస్తున్నారు. ఆదివారం డ్యూటీ పడితే బదులు మనిషిని వెతుక్కునేవారు గాని, డ్రమ్ముకు బదులు మనిషిని ఎప్పుడూ వెతకలేదు.

ఆ ఏడు ఈస్టర్ మార్చి 31న వచ్చింది. పండగ పాటలు నాలుగు రికార్డు చేసి, ఊళ్ళో ఉన్నవాళ్ళకీ, రిటైరై విశాఖ, విజయనగరం వెళ్ళిపోయినవాళ్ళకీ పంపాలని సంఘంలో అనుకున్నారు. రికార్డింగ్ పని ఎబెన్ తీసుకున్నాడు. అయితే ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై శ్రమదినాల్లో మా సంఘంలో డ్రమ్ము కొట్టరు. బూడిద బుధవారం నాడు దాని మీద గుడ్డ కప్పేస్తారు. ఈస్టర్ తెల్లవారుజామున మొదటి పాటకే మళ్ళీ తీస్తారు. ఇంట్లో వాయిద్దామంటే మా క్వార్టర్ మీది అంతస్తులో చాందిని ఉంది. ఆ పిల్లకు పన్నెండో తరగతి బోర్డు పరీక్షలు.

అందుకని ఎబెన్ రాయ్‌పూర్‌లో ఉన్న స్నేహితుడి దగ్గర్నుంచి ఎలక్ట్రానిక్ డ్రమ్ము అడిగి తెచ్చాడు. ఒక ఇనప చట్రం, దానికి రబ్బరు పళ్ళేలు, పక్కన ఒక చిన్న పెట్టె. పళ్ళెం మీద కొడితే శబ్దం పెట్టెలో పుడుతుంది. పెట్టెకు తగిలించిన హెడ్‌ఫోన్‌లో వినబడుతుంది. పెట్టె నుంచి ఒక వైరు కంప్యూటర్‌కు వెళ్తుంది. గదిలో ఉన్నవాళ్ళకు మాత్రం రబ్బరు మీద కర్ర తగిలిన చప్పుడే.

బిగించిన రోజు చాందిని పుస్తకం పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"ఆంటీ, యే ఆవాజ్ తో నహీఁ కరేగా నా?" అంది, చప్పుడు చేస్తుందేమోనని.

"సెయ్యదమ్మా. ఇది గూంగా డ్రమ్ము" అన్నారు మా ఆయన. గూంగా అంటే మూగ. ఆ పిల్ల నవ్వి పైకి వెళ్ళిపోయింది.

ఆయన చట్రం చుట్టూ ఒకసారి తిరిగారు. "డ్రమ్మేటిరా ఇది? మీ అమ్మ ఇడ్లీ రేకులు ఇప్పదీసి ఆరబెట్టినట్టున్నాది" అన్నారు.

"కూర్చో డాడీ. కూర్చుని మార్‌కే దేఖో."

కూర్చున్నారు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు. ఒక దెబ్బ కొట్టారు. ఆగారు. ఇంకోటి కొట్టారు. హెడ్‌ఫోన్ తీసి ఎడమ చెవిని వేలితో రుద్దుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎలా ఉంది?" అన్నాడు ఎబెన్.

"బాగానే ఉన్నాది."

హెడ్‌ఫోన్ బిగుతుగా ఉందనుకున్నాను.

తర్వాతి రెండు వారాలూ డ్యూటీ నుంచి వచ్చి, టీ తాగి, దాని ముందు కూర్చునేవారు. ఎబెన్ రికార్డు చేసేవాడు. అయ్యాక స్పీకర్‌లో వినిపించేవాడు. పాట మొదట్లో తాళం సరిగ్గానే ఉండేది. పల్లవి తిరిగి వచ్చేసరికి డ్రమ్ము వెనకబడేది. రెండో చరణానికి ఇంకా వెనక్కి వెళ్ళేది. ఎబెన్ కంప్యూటర్ తెర మీద గీతలు చూపించి, "దెబ్బ ఈ లైన్ మీద పడాలి డాడీ. నీది లైన్ దాటాక పడుతోంది. సబ్ కా సబ్ లేట్" అనేవాడు.

"ఇంకోపాలి ఎట్టు" అనేవారు ఆయన.

రజనీకుమారికి నోరు ఊరుకోదు. రెండో ఆదివారం స్పీకర్‌లో విని, "అన్నియ్యా, పాట దుర్గ్ చేరిపోయింది. మీరింకా భిలాయి పవర్ హౌస్ స్టేషన్‌లోనే ఉన్నారు" అంది. అందరం నవ్వాం. ఆయనా నవ్వారు. మూడో ఆదివారం, అంటే మార్చి 3న, ఎబెన్ ఇంకో దారి చెప్పాడు. కంప్యూటర్‌లో తయారుగా ఉన్న తాళం ఒకటి ఉంటుంది, దాన్ని తిప్పుతూ పోతే పాట పొడుగునా అదే నడుస్తుంది, దాని మీద డాడీ చివర్లో నాలుగు దెబ్బలు వేస్తే చాలు అన్నాడు. తండ్రికి పని తేలిక చేస్తున్నాననే వాడి ఉద్దేశం.

కర్రలు టీవీ బల్ల మీదికి వెళ్ళింది అప్పుడే.

ఆ వారం ఇంట్లో మాటలు తగ్గాయి. ఎబెన్ రెండుసార్లు, "డాడీ నారాజ్ హై క్యా? కోపమా?" అని నన్ను అడిగాడు. అడుగు, నీ తండ్రే కదా అన్నాను. వాడు అడగలేదు.

గురువారం పొద్దున వరండా ఊడుస్తుంటే ఆయన బూట్ల కింద నల్ల పొట్టు కనబడింది. స్టీల్ ప్లాంట్ రైల్ మిల్లులో కాలిన ఇనుము మీంచి రాలే పొట్టు అది. స్కేల్ అంటారు. కింద పని చేసేవాళ్ళ బూట్లకు అంటుకుంటుంది. ఆయన క్రేన్ ఆపరేటర్. షిఫ్ట్ మొదట్లో నిచ్చెన ఎక్కి కేబిన్‌లో కూర్చుంటే షిఫ్ట్ అయ్యాకే దిగుతారు. ఆయన బూట్లతో ఆ పొట్టు ఇంటికి రావడం నేనెప్పుడూ చూడలేదు.

"కింద డ్యూటీ ఏసినారేటండీ?" అన్నాను.

"ఊఁ. మనుషులు తక్కువున్నారు."

"ఎన్నాళ్ళు?"

"సూడాలి" అని టిఫిన్ డబ్బా అందుకుని వెళ్ళిపోయారు.

ఆ శనివారం మధ్యాహ్నం సత్యమూర్తిగారు వచ్చారు. ఆయన రైల్ మిల్లులోనే క్రేన్ మీద పని చేసి రిటైరయ్యారు. మరోదా అనే పేటలో ఇల్లు కట్టుకున్నారు. చెవులు రెండూ దాదాపు పోయాయి. అందువల్ల ఎదుటివాళ్ళకూ వినబడదేమోనని గట్టిగా మాట్లాడతారు. మునక్కాయల కట్ట గుమ్మంలో పెట్టి, "కొర్నేలి లేడేటమ్మా?" అని అరిచారు.

"డ్యూటీకెల్లినారు బాబాయ్. లోపలికి రండి."

"ఆడు క్రేను దిగిపోనాడంట గదా! ఏటైనాదాడికి?"

నేను తలుపు దగ్గరికి వేశాను. "ఎవలు సెప్పినారు?"

"ఏటీ?"

"ఎవలు సెప్పినారని!"

"శ్యామసుందర్. నా సీటు కాడ ఇప్పుడు ఆడే కదా. కొర్నేలి ఎల్లి ఇన్‌చార్జికి సెప్పీసినాడంట. నా సెవికి ఒకటి రెండుగా ఇనబడతంది, నన్ను కిందకి దింపీండి, సెవి పరీక్షకి నా పేరెట్టండి అని. ఎవలైనా అలా సెప్పుకుంటారేటమ్మా?"

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. సత్యమూర్తిగారు నిలబడే చెప్పారు. క్రేన్ కింద నిలబడే ఖలాసి చేత్తో సైగ చేస్తాడు, ఆవిరి అడ్డమొచ్చి చెయ్యి కనబడనప్పుడు ఈల ఊదుతాడు. ఒక ఈల అంటే ఆపు. రెండు ఈలలంటే ఎత్తు.

"ఒకటి ఊదితే ఆడికి రెండినబడిందనుకో" అని ఆయన రెండు చేతులూ పైకెత్తి చూపించారు. "అదీ ఆడి బయం. ఇంతకీ మిల్లులో ఎప్పుడైనా అలా ఇనబడిందేటిరా అని శ్యామసుందర్ అడిగితే, ఆ రొదలో నాకు తెలీట్లేదేమో అన్నాడంట. పరీక్షలో పోతే ఇంకెక్కనివ్వరు. రిటైరయ్యేదాకా కిందే."

"మరి మీరెలా పాసయ్యేవారు బాబాయ్?"

ఇది ఆయనకు వినబడింది. కూర్చున్నారు.

"పరీక్ష సేసే పిల్ల అద్దం అవతల కూకుంటాది. మన సెవికి హెడ్‌ఫోన్ ఎట్టి, సద్దు ఇనబడితే సెయ్యెత్తమంటాది. ఆ పిల్ల బొత్తాం నొక్కేముందు కిందకి సూస్తాది. అది కనిపెట్టుకుని సెయ్యెత్తీడమే. నాను ఎప్పుడూ తప్పలేదు. కొర్నేలికి నేర్పుతాను, ఓపాలి నా కాడికి పంపు."

"మీరు పాసయ్యి ఏటి లాబం? ఇప్పుడు పిన్ని మాట ఇనబడతన్నాదా?"

"ఏటీ?"

ఆయన టీ తాగి వెళ్ళారు. ఆ రాత్రి మా ఆయనకు అన్నం పెట్టేటప్పుడు నేను గొంతు తగ్గించి మాట్లాడాను. చారు పోయనా, మజ్జిగ కావాలా, రేపు ప్రార్థనకు ఎవరింటికి వెళ్ళాలి అని అడిగాను. అన్నిటికీ జవాబు చెప్పారు. ఒక మాటను రెండుగా విన్న మనిషిలా లేరు. అయినా నాకేం తెలుసు. క్రేన్ సంగతి నాకు తెలుసునని ఆయనతో అనలేదు. తనంతట తానే చెబుతారని చూశాను. వారం గడిచింది. చెప్పలేదు.

మార్చి 16, శనివారం సాయంత్రం కంప్యూటర్ తాళం మీద గొంతులు రికార్డు చేయాలని ఎబెన్ ఏర్పాటు చేశాడు. కంప్యూటర్ తెరిచి, వైర్లు తగిలించి, కీబోర్డు తేవడానికి చర్చికి వెళ్ళాడు. డ్రమ్ము కూడా అలాగే తగిలించి ఉంది, చివరి నాలుగు దెబ్బల కోసం. ఎవరు వేస్తారో వాడు చెప్పలేదు.

చట్రం మీద దుమ్ము తుడుస్తున్నాను. హెడ్‌ఫోన్ పళ్ళెం మీద వేలాడుతోంది. తీసి పక్కన పెట్టబోయి, తలకు తగిలించుకున్నాను. వేళ్ళతో ఒక పళ్ళెం మీద కొట్టాను.

రెండు వినబడ్డాయి. ఒకటి కొట్టినప్పుడు. ఇంకోటి దాని వెనకే, కాస్త తగ్గి.

మళ్ళీ కొట్టాను. రెండు. ఇంకో పళ్ళెం మీద కొట్టాను. రెండు. దుమ్ము గుడ్డ పక్కన పడేసి, కర్ర తెచ్చి, పాటలో వచ్చే తాళం వెయ్యబోయాను. నాలుగో దెబ్బకు నా చెయ్యి ఆగింది. ముందు కొట్టినదాని రెండో దెబ్బ ఇంకా రాలేదు, అది వచ్చాక కొడదామని చెయ్యి గాల్లో ఉండిపోయింది.

ఆయన వెనక వరండాలో కూలర్ గడ్డి మారుస్తున్నారు.

"ఏటండీ, ఓపాలి ఇలా రండి."

చేతులు తుడుచుకుంటూ వచ్చారు. నేను హెడ్‌ఫోన్ తీసి ఇచ్చాను.

"ఇది ఎట్టుకోండి."

"ఇప్పుడు దేనికే?"

"ఎట్టుకోండి."

పెట్టుకున్నారు. నేను కర్రతో ఒక దెబ్బ కొట్టాను.

"ఎన్ని?"

ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు చూశారు.

"ఎన్ని ఇనబడ్డాయండీ?"

"రెండు" అన్నారు.

"నాకూ రెండే."

ఆయన హెడ్‌ఫోన్ తీశారు. నా తలకు పెట్టారు. కర్ర నా చేతిలోంచి తీసుకుని తాను కొట్టారు.

"ఇప్పుడు?"

"రెండు."

"సరిగ్గా ఇనే సెప్పు."

"రెండేనండీ. ముందు ఒకటి, దాని తోక పట్టుకుని ఇంకోటి."

"నీ సెవీ పోయిందేటే?"

"నానెప్పుడు మిల్లుకొచ్చినాను?"

ఆయన డ్రమ్ము స్టూలు మీద కూర్చున్నారు. కర్రను మోకాలి మీద అడ్డంగా పెట్టుకున్నారు. తర్వాత, "పై గుంటని పిలు" అన్నారు.

చాందిని పెన్ను చేత్తోనే దిగి వచ్చింది. హెడ్‌ఫోన్ పెట్టుకుంది. ఆయన ఒక దెబ్బ కొట్టారు.

"కిత్నా ఆయా బేటీ?"

"దో, అంకుల్. టక్ టక్."

"పక్కా?"

"పక్కా. ఏకో ఆ రహా హై. అబ్ జాఊఁ? పర్సోఁ పేపర్ హై." ఎల్లుండి పరీక్షట.

ఆ పిల్ల మెట్లు ఎక్కుతుండగా ఎబెన్ కీబోర్డు భుజాన వేసుకుని వచ్చాడు. మమ్మల్నిద్దరినీ డ్రమ్ము దగ్గర చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఏమైంది?"

"ఇది ఎట్టుకుని కొట్టు" అన్నాను.

వాడు హెడ్‌ఫోన్ పెట్టుకుని కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి తెర చూశాడు. కీబోర్డు ఇంకా భుజం మీదే ఉంది.

"మానిటరింగ్ ఆన్ ఉంది" అన్నాడు.

"అంటే?"

వాడు తెలుగూ హిందీ కలిపి చెప్పాడు. డ్రమ్ము పెట్టె తన శబ్దాన్ని అప్పటికప్పుడే హెడ్‌ఫోన్‌కు పంపుతుంది. అదే శబ్దం వైరు మీదుగా కంప్యూటర్‌కూ వెళ్తుంది. నువ్వు రికార్డు చేస్తున్నది ఇదీ అని కంప్యూటర్ కూడా దాన్ని తిరిగి హెడ్‌ఫోన్‌కు పంపుతుంది. వెళ్ళి రావడానికి కొంచెం ఆలస్యం అవుతుంది. అందుకే రెండు. మొదటి రోజు వైరులో శబ్దం వస్తోందో లేదో చూడడానికి వాడు ఆ బొత్తాం నొక్కాడు. తర్వాత తీయలేదు. రికార్డులో మాత్రం ఒక్క దెబ్బే పడుతుంది. వాడు వినేది రికార్డే, అదీ స్పీకర్‌లో. మేమంతా విన్నదీ అదే. హెడ్‌ఫోన్ పెట్టుకున్నది ఆయన ఒక్కరే.

వాడు బొత్తాం నొక్కాడు. "అబ్ మారో, డాడీ."

ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు. కొట్టారు. కొంచెంసేపు ఆగి మళ్ళీ కొట్టారు. వేలు ఒకటి పైకెత్తి నాకు చూపించారు.

ఎబెన్ కీబోర్డు దించాడు. "బతానా థా నా, డాడీ. మొదటి రోజే."

"ఏటని సెప్తాన్రా? నా సెవి పోయిందని నీకు సెప్తానేటి?"

"ఇన్‌చార్జికి సెప్పినారు గదా" అన్నాను నేను.

ఆయన నా వైపు తిరిగారు. "నీకెవలు సెప్పినారు?"

"సత్యమూర్తి బాబాయ్. నాకొక్కదానికే కాదు, ఈది ఈదంతటికీ సెప్పి ఎల్లినారు."

ఎబెన్‌కు క్రేన్ సంగతి అప్పుడే తెలిసింది. నేల మీద కూర్చుండిపోయాడు. "ఒక బొత్తాం కోసం క్రేన్ దిగిపోయావా డాడీ?" అన్నాడు.

"సెవి పరీక్షలోనూ హెడ్‌ఫోనే కదరా ఎడతారు. బయట తెలీనిది అందులో తెలుస్తాది అనుకున్నాను. గుళ్ళో డ్రమ్ము మీద ఓపాలి కొట్టి సూద్దామంటే అది గుడ్డ కింద ఉన్నాది. ఈస్టర్ దాకా ఆగి సూసుకోడానికి ఇది పాట కాదు. కింద మనుషులుంటారు."

"సారీ, డాడీ."

"లే. పాట ఎట్టు. పాడీవోలు వచ్చే వేళైంది."

ఎబెన్ లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆయన స్టూలు కాస్త ముందుకు జరుపుకున్నారు. మొదటి పాట పల్లవి నుంచి చివరిదాకా ఒకేసారి వాయించారు. గదిలో రబ్బరు చప్పుడే. ఎబెన్ తెర చూస్తున్నాడు. పాట అయ్యాక తెర మీద గీతలు, దెబ్బలు నాకు చూపించాడు. గీత మీద దెబ్బ పడింది.

రజనీకుమారి మిగతావాళ్ళతో వచ్చి చెప్పులు విప్పుతూనే, "కంప్యూటర్ తాళం ఎక్కించావేటి ఎబెన్? ఎట్టు, ఇందాం" అంది. వాడు స్పీకర్‌లో పెట్టాడు. ఆమె నిలబడి రెండు చరణాలూ విని, మా ఆయన వైపు చూసింది.

"ఇది మీరే కదా? ఈ మలుపు ఏ కంప్యూటర్‌కీ రాదు. బండి టయానికి ఎలా వచ్చింది అన్నియ్యా?"

"సిగ్నల్ ఇచ్చినారమ్మా" అన్నారు ఆయన.

మిగతా మూడు పాటలూ ఆ సాయంత్రమూ, మర్నాడూ అయిపోయాయి.

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే స్కూటర్ మీద వెనక కూర్చుని అన్నాను. "రేపెల్లి మళ్ళీ ఎక్కీండి. తప్పు మెషీన్‌దని సెప్పీండి. ఆ పరీక్షకి ఇచ్చిన పేరు తీయించీండి."

ఆయన పలకలేదు. వినబడలేదేమోనని ముందుకు వంగి మళ్ళీ చెప్పాను. స్కూటర్ రోడ్డు పక్కకు తీసి ఆపారు.

"లూసీ, నాను ఫోను ఏ సెవికి ఎట్టుకుంటాను?"

ఆలోచించాను. తెలియలేదు.

"కుడి సెవికి. నాలుగేళ్ళ బట్టీ. ఎడం సెవికి ఎడితే మాట తెలుస్తాది గాని, ఎవలి గొంతో తెలీదు. నువ్వు సూడలేదు."

"నాకు సెప్పలేదేటి?"

"సెప్తే నువ్వు మెడికల్‌కి ఎల్లమంటావు. ఎల్తే దింపీస్తారు. అందుకని సెప్పలేదు." హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ చెప్పారు. "రెండు దెబ్బలు ఇనబడగానే, అదీ వచ్చీసింది అనుకున్నాను. అది మెషీన్‌దే. ఈ సెవి మెషీన్‌ది కాదు గదా. పేరు అలాగే ఉండనీ."

మళ్ళీ స్కూటర్ ఎక్కమన్నారు. ఎక్కేముందు నేను ఆయన ఎడమ చెవి మీద చెయ్యి వేశాను. "రోడ్డు మీదేటే" అన్నారు గాని, తల పక్కకు తీసుకోలేదు.

పరీక్ష మార్చి 21న పెట్టారు. ముందు రోజు సత్యమూర్తిగారు మరోదా నుంచి మళ్ళీ వచ్చారు. వరండాలో ఎదురెదురుగా రెండు కుర్చీలు వేయించి, నన్ను అద్దం అవతలి పిల్లలా కూర్చోమన్నారు.

"లూసమ్మా, నువ్వు కిందకి సూడు. ఆఁ, సూసింది! ఎత్తు సెయ్యి! ఎత్తరా కొర్నేలీ!"

మా ఆయన చెయ్యి ఎత్తలేదు. నవ్వుతూ కూర్చున్నారు. "నీకు రాదురా. నువ్వు మంచోడివి" అని సత్యమూర్తిగారు విసుక్కుని వెళ్ళారు.

21న పరీక్ష అయ్యాక ఆయన నాకు ఫోన్ చేశారు. "ఆ పిల్ల మొకం సూడలేదు" అన్నారు. "కళ్ళు మూసుకున్నాను." కుడి చెవి బాగుంది. ఎడమ చెవికి పై శ్రుతులు వినబడడం లేదు. ఇంకో డాక్టర్ చూడాలి, అప్పటిదాకా కింద డ్యూటీయే అన్నారు.

ఈస్టర్‌కు ముందు ఆదివారం, మట్టల ఆదివారం నాడు ఎబెన్ డ్రమ్ము చట్రం విప్పి రాయ్‌పూర్ పంపేశాడు. విప్పేముందు ఒకసారి తండ్రిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ ఎడమ గిన్నెలో శబ్దం పెంచి, కుడి గిన్నెలో తగ్గించి, "ఇప్పుడు రెండు వైపులా బరాబర్ వినబడుతుందా?" అని అడిగాడు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ఆయన వేలితో చూపించారు. వాడు తిప్పుతూ వెళ్ళాడు. ఒకచోట ఆయన చాలు అన్నారు. మీట ఎంతవరకు వచ్చిందో వాడు చూశాడు. నాకు చెప్పలేదు. ఆ రోజు నుంచి అన్నానికి కూర్చునేటప్పుడు వాడు తండ్రికి కుడి పక్కన కూర్చుంటున్నాడు.

మార్చి 26, మంగళవారం రెండో డాక్టర్ చూశారు. కుడి చెవితో ఈల లెక్క తప్పకుండా వినబడుతోంది కాబట్టి క్రేన్ ఎక్కవచ్చన్నారు. చెవులకు రొద తగ్గించే మఫ్ తప్పనిసరి. ఆరు నెలలకోసారి పరీక్ష. ఆ పరీక్షల్లో ఎప్పుడు తగ్గినా దిగాలి. 28వ తేదీ ఫస్ట్ షిఫ్ట్‌కు ఆయన నిచ్చెన ఎక్కారు. ఆ రోజు కింద ఈల శ్యామసుందర్ కొడుకు వరస కుర్రాడు ఊదాడట. "ఆడికి ఊపిరి ఎక్కువ. దుర్గ్ దాకా ఇనబడతాది" అన్నారు వచ్చాక.

శనివారం సాయంత్రం ఎబెన్ నాలుగు పాటలూ అందరి ఫోన్లకూ పంపాడు.

మార్చి 31, ఆదివారం. సూర్యోదయ ఆరాధన చర్చి బయట ఆవరణలో. ఐదింటికి పాస్టర్‌గారు డ్రమ్ము మీది గుడ్డ తీశారు. పాటలు పాడేవాళ్ళం పద్నాలుగు మందిమి ఎప్పటిలాగే డ్రమ్ముకు ఎడమ వైపు వరసగా నిలబడ్డాం. మైకులు అటే ఉన్నాయి. జనం కూర్చున్నారు. రజనీకుమారి చెయ్యి ఎత్తింది.

"రజనీ, ఆగు" అన్నారు మా ఆయన.

ఆమె చెయ్యి దించింది.

"నా ఎడం సెవి సరిగ్గా ఇనబడదు. మీరందరూ ఇటేపు రండి."

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట ఆవరణ అంతా వినబడింది. వెనక వరసలో సత్యమూర్తిగారు పక్కనున్న ఆయన్ని "ఏటన్నాడు?" అని అడగడం కూడా వినబడింది.

"ముందే సెప్పొచ్చు గదా అన్నియ్యా" అంది రజనీకుమారి.

"ఇప్పుడు సెప్పినాను గదా."

ఎబెన్ వచ్చి మైకు స్టాండ్లు ఒక్కొక్కటీ ఎత్తి ఇటు పక్కకు మార్చాడు, వైర్లు సరిచేశాడు. మేం పద్నాలుగు మందిమీ డ్రమ్ము వెనక నుంచి నడిచి ఆయన కుడి వైపుకు వెళ్ళి నిలబడ్డాం. మొదటి పాట ఐదూ ఇరవైకి మొదలైంది.